మద్రాసుకు తీసుకెళ్ళిన ఊదుగొట్టం

నెల్లూరు ఆసుపత్రిలో ఆ రోజు నన్ను చూసి నవ్వినవాళ్ళు ముగ్గురు. డాక్టరు, ఆయన పక్కన నిలబడ్డ నర్సు, తలుపు దగ్గర చీట్లు పిలిచే బంట్రోతు. డాక్టరు నవ్వి ఊరుకున్నాడు. నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బంట్రోతు మాత్రం వరండాలోకి పోయి, అక్కడ కూర్చున్న రోగులందరికీ చెప్పి మళ్ళీ నవ్వాడు. పాత సంగతులు ఎందుకు తవ్వుతావని మా ఆయన ఇప్పటికీ అంటాడు. తవ్వడానికి అవేమీ పూడిపోలేదు. పైనే ఉన్నాయి.

వాళ్ళు నవ్వింది నా చేతిలోని ఊదుగొట్టాన్ని చూసి. పొయ్యి రాజెయ్యడానికి ప్రతి ఇంట్లోనూ ఉండే ఇనప గొట్టమే. దాన్ని పాతగుడ్డలో చుట్టి, మైపాడు నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. ఎందుకు తెచ్చానో చెప్పనిచ్చి ఉంటే మా పాపకి రెండేళ్ళ చదువు మిగిలేది.

అణాలు పోయి కొత్త పైసలు వచ్చిన కొత్తలో మా పాపకి అయిదేళ్ళు. మా ఇల్లు సముద్రానికి దగ్గర, సరుగుడు తోపు పక్కన. మా ఆయన పడవలు కట్టే వడ్రంగి. నేను మిషన్ బోర్డింగులో ఎనిమిది దాకా చదివి, కుట్టు నేర్చుకుని, ఇంట్లోనే జాకెట్లు కుట్టేదాన్ని. మాకు ఒక్కతే కూతురు. ఆదివారం బడిలో వాక్యాలు అందరికంటే ముందు అప్పజెప్పే పిల్ల. నోరు మూతపడేది కాదు. మా అత్త ఆ నోటిని చూసే "ఇది ప్లీడరమ్మ అవతాది" అనేది.

ఆరో ఏడు దాటాక పాప మాట మధ్యలో ఆగిపోవడం మొదలయింది. చెబుతున్న మాట సగంలో తెగేది. కళ్ళు తెరిచే ఉండేవి, రెప్పలు మాత్రం సన్నగా కొట్టుకునేవి. నేను పది అంకెలు లెక్కపెట్టేంతసేపు. తర్వాత ఏమీ జరగనట్టు మళ్ళీ మాట్లాడేది. పడిపోయేది కాదు, నురగ రాదు, కాళ్ళూ చేతులూ కొట్టుకోవు. అందుకే అది జబ్బని ఎవరికీ అనిపించలేదు. నాకూ అనిపించలేదు. పరాకు అనుకున్నాం.

బడిలో హెడ్మాస్టరు దానికి పొగరు అని పేరు పెట్టాడు. ఏడో ఎక్కం చెబుతూ ఏడు నాలుగుల దగ్గర ఆగిందని ఎండలో నిలబెట్టాడు. డిక్టేషన్లో మధ్య మాటలు వదిలేస్తుందని బెత్తంతో కొట్టాడు. రెండో ఏడు వచ్చేసరికి పొగరు పోయి వేరే మాట వచ్చింది. నన్ను బడికి పిలిపించి, కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోమనకుండా చెప్పాడు.

"నీ కూతురికి బుర్ర లేదమ్మా. డాక్టరు దగ్గర కాయితం పట్రా. అప్పుడు చూద్దాం."

"ఎక్కాలు నా దగ్గర బాగానే చెప్తాదయ్యా."

"తల్లి దగ్గర అందరూ బాగానే చెప్తారు."

నెల్లూరుకు మొదటిసారి పోయింది అప్పుడే. డాక్టరు పాపని రెండు ప్రశ్నలడిగాడు. నీ పేరేంది అన్నాడు, చెప్పింది. మీ నాయన పేరేంది అన్నాడు. సరిగ్గా అప్పుడే పాప ఆగిపోయింది. "ఇట్టనే అయ్యా, చూడండి, ఇట్టనే ఆగిపోతాది" అని నేను అరిచినట్టే చెప్పాను. ఆయన అప్పటికే తలొంచుకుని రాస్తున్నాడు. నేనొక చొక్కాకి బొత్తం కుట్టేంత సేపు కూడా ఆయన మా పాపని చూడలేదు. ఇంగ్లీషులో రాసిన ఆ కాయితాన్ని కాంపౌండరు చదివి చెప్పాడు. మందబుద్ధి అట.

హెడ్మాస్టరు ఆ కాయితం చూసి, నా ఎదురుగానే బడి రిజిస్టరు తీసి, పాప పేరు పక్కన ఎర్ర సిరాతో 'మందబుద్ధి, బడికి తగదు' అని రాశాడు. మంచి దస్తూరీ ఆయనది. ఒక్క అక్షరం కూడా వంకర పోలేదు.

ఆ రోజు నుంచి పాప ఇంట్లోనే. పాస్టరుగారు వచ్చి మూగ దయ్యం పట్టి ఉంటుందని మూడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన పెట్టించారు. ఆయన భార్య తన పిల్లల్ని పాప కూర్చున్న చాప మీంచి లేపి వేరే చాప మీద కూర్చోబెట్టింది. ప్రార్థనలో నేను కళ్ళు మూసుకుని ఉన్నాననుకుంది. నేను కళ్ళు మూసుకోలేదు.

ఇంట్లో ఉన్న పిల్లకి పని చెప్పాలి కదా. పొయ్యి పని చెప్పాం. అది వానల కాలం. సరుగుడు పుల్లలు తడిసి పొగ తప్ప మంట ఇచ్చేవి కావు. ఊదుగొట్టం ఇచ్చి ఊదమనేవాళ్ళం. కాసేపు ఊదేది, తర్వాత గొట్టం నోటి దగ్గరే పెట్టుకుని ఊరికే కూర్చునేది.

"చూడు మే, నీ కూతురి నాటకం," అనేది మా అత్త. "పొయ్యి కాడ కూచుంటే చాలు, కళ్ళు తెరుచుకోనే నిద్రపోతాది. సోంబేరి."

ఒకరోజు కుట్టుపని తొందరలో ఉన్నాను. వంటింట్లో పొగ కమ్మేసింది. పోయి చూస్తే పాప గొట్టం పట్టుకుని కదలకుండా కూర్చుని ఉంది. ఒళ్ళు మండిపోయి చెంప మీద కొట్టాను. గట్టిగానే కొట్టాను.

పాప ఏడవలేదు. రెప్పలు సన్నగా కొట్టుకుంటూనే ఉన్నాయి. నాలుగు వేళ్ళు చెంప మీద ఎర్రగా తేలుతున్నాయి, ముఖంలో మాత్రం ఏమీ లేదు. కొంతసేపయ్యాక గొట్టం నోటికి ఆనించి ఊదబోయి, ఆగి, చెంప తడుముకుంది.

"అమ్మా, ఇక్కడేందో మండతా ఉండాది," అంది. నిప్పురవ్వ పడిందేమోనని గౌను వెతుక్కుంది.

పొగరున్న పిల్లకైనా, సోంబేరికైనా, బుర్ర లేని పిల్లకైనా దెబ్బ తగిలితే అప్పుడే తెలుస్తుంది. నా బిడ్డకి దెబ్బ తగిలినప్పుడు నా బిడ్డ అక్కడ లేదు. అది నాకు ఆ వంటింట్లో తెలిసింది.

మర్నాటి నుంచి కుట్టుపని పక్కనపెట్టి పాపనే చూశాను. పాప ఊదిన ఒక్కో ఊపిరికి పొయ్యి వెనక గోడ మీద బొగ్గుతో ఒక గీత. నలభై గీతలకో, యాభైకో, ఒక్కోరోజు అరవైకో పాప ఆగిపోయేది. పొగ వల్లనేమో అనుకుని, పొయ్యి ఆరినాక బూడిద మీద ఊదించాను. ఆగిపోయింది. నిప్పుని చూడడం వల్లనేమో అని, పెరట్లోకి తీసుకుపోయి గోడవైపు తిప్పి ఊదించాను. ఆగిపోయింది. ఆడుకునేటప్పుడు ఎప్పుడు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. ఊదేటప్పుడు మాత్రం తప్పేది కాదు. పది రోజులు చూసి గట్టి చేసుకున్నాకే గొట్టాన్ని గుడ్డలో చుట్టి మళ్ళీ నెల్లూరు పోయాను.

"ఏందమ్మా అది?" అన్నాడు డాక్టరు.

"ఊదుగొట్టం అయ్యా. పాప దీంతో ఊదితే..."

"పొయ్యి యాడ పెట్టమంటావు? నా బల్ల మీదనా?"

అప్పుడే ముగ్గురూ నవ్వింది.

"ఒక్క అయిదు నిమిషాలు అయ్యా. మీరు పాపని చూస్తా ఉండండి, చాలు."

"బయట యాభై మంది ఉండారు. ఇదేమన్నా నాదస్వరం కచ్చేరీనా కూచోని వినేదానికి? పిల్లకి చెప్పినా గదా, బుర్ర ఎదగలేదని. నిద్ర పడతా ఉందా నీకు?"

"లేదయ్యా."

"అదీ సంగతి," అని చీటీ రాసి బంట్రోతు చేతికిచ్చాడు. పాపకి కాదు, నాకు. నా నరాలు బలహీనంగా ఉన్నాయట. టానిక్కు పూటకి రెండు చెంచాలు. వరండాలో నడిచి వస్తుంటే వెనక నుంచి బంట్రోతు "కచ్చేరీ అయిపోయినాదా అమ్మా?" అన్నాడు. ఆ సీసా మూత తియ్యకుండా ఏళ్ళ తరబడి గూట్లో పెట్టుకున్నాను. చూసినప్పుడల్లా కోపం చల్లారకుండా ఉండాలని.

దాదాపు రెండేళ్ళు అట్లాగే గడిచాక, నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఇందుకూరుపేట టీచరమ్మ అంతా విని, నవ్వకుండా విని, మద్రాసులో పెద్దాసుపత్రిలో పిల్లల మనసు జబ్బులు, మెదడు జబ్బులు చూసే డాక్టరు ఉన్నాడని చెప్పింది. మా ఆయన ఒప్పుకోలేదు.

"ఒక డాక్టరు చెప్పినాడు, ఇంకో డాక్టరు వేరేగా చెప్తాడా? ఊరికే తిరగడం ఎందుకు మే?"

నేను వాదించలేదు. ఊదుగొట్టం తీసి కుట్టుమిషను సొరుగులో పెట్టి తాళం వేశాను. మద్రాసు పోయిందాకా ఈ ఇంట్లో పొయ్యి రాజుకోదని చెప్పాను. మొదటి రోజు నవ్వాడు. రెండో రోజు మా అత్త చేటతో విసిరి విసిరి, కళ్ళు ఎర్రబడి, పొయ్యి మీద నీళ్ళు కుమ్మరించి బయటికి పోయింది. మూడో రోజు పొద్దున మా ఆయన చొక్కా తొడుక్కుంటూ, "ఆ గొట్టం తీసుకో, పోదాం," అన్నాడు. పని మానుకున్న రోజులకి సణుగుతూనే రైలెక్కాడు.

మద్రాసులో రెండు రోజులు వరండాలో కూర్చున్నాక డాక్టరు పిలిచాడు. అరవాయన, తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చు. పాపని అడగాల్సినవి అడిగాడు, లెక్కలు అడిగాడు. బాగానే చెప్పింది. నేను గుడ్డ విప్పి గొట్టం బల్ల మీద పెట్టాను. ఎవరైనా నవ్వితే తిట్టడానికి సిద్ధంగా ఉన్నాను. చుట్టూ చదువుకునే కుర్ర డాక్టర్లు ఉన్నారు. ఒకడి పెదవి కదిలింది.

"ఇది ఊదితే ఆగిపోతాది సార్. అరవైలోపల. నేను గీతలు పెట్టినా."

పెద్దాయన నవ్వలేదు. గొట్టం తీసుకుని కంటికి పెట్టి అందులోంచి కిటికీ వైపు చూసి, తుడిచి, పాపకిచ్చాడు. బల్ల మీద చిన్న దూది ఉండ పెట్టాడు.

"ఊదమ్మా. పెద్దగా. ఇంకా. నిలపకూడదు."

పాప ఊదింది. దూది దొర్లుతుంటే పాపకి నవ్వొచ్చింది. నేను మనసులో గీతలు పెట్టుకుంటున్నాను. ఇరవై. ముప్ఫై. ఈ ఒక్కరోజు ఆగకపోతే ఏమవుతుందో తెలుసు నాకు. కన్నబిడ్డకి జబ్బు కనబడాలని దేవుణ్ణి అడిగాను ఆ గదిలో. నన్ను ఆ గతికి తెచ్చినవాళ్ళని ఎట్లా మరిచిపొమ్మంటారు? నలభై ఎనిమిదికి పాప ఆగిపోయింది. రెప్పలు కొట్టుకున్నాయి. దూది బల్ల అంచున నిలబడిపోయింది.

ఆయన కుర్ర డాక్టర్లకి వేలితో చూపించాడు. పాప తేరుకుని దూదిని మళ్ళీ ఊదింది.

"మందబుద్ధి కాదు," అన్నాడు. "పిచ్చీ కాదు. ఇది మూర్ఛలో ఒక రకం. గట్టిగా ఊపిరి వదులుతుంటే వస్తుంది. కింద పడేసే మూర్ఛ వేరే. దీనికి మందు ఉంది. బాగా చదువుతుంది."

ఆ మాటలు మాత్రం ఆయన నాతో అనలేదు. ఆ రెండు రోజులూ గోడకానుకుని ఆవలిస్తూ నిలబడ్డ మా ఆయన వైపు తిరిగి అన్నాడు. "మంచిగా గమనించినావు," అని మా ఆయన భుజం తట్టాడు. మా ఆయన కాదని అనలేదు. నా బిడ్డ జబ్బుకి సరైన పేరు చెప్పిన మనిషి ఆ డాక్టరు. నేను చచ్చేదాకా దణ్ణం పెడతాను. ఆ భుజం తట్టడం మాత్రం చచ్చేదాకా గుర్తుంటుంది.

రైల్లో మా ఆయన గొంతు తగ్గించి, "ఊళ్ళో మూర్ఛ అని చెప్పబాకు. మందబుద్ధి అంటే జాలన్నా పడతారు. మూర్ఛ అంటే గడప తొక్కనీరు," అన్నాడు.

"చెప్తా. ఊరంతా చెప్తా. ఆ జాలితోనే గదా నా బిడ్డని బడినుంచి గెంటింది," అన్నాను. ఎదుటి సీటులో వాళ్ళు తిరిగి చూశారు. చూడనిచ్చాను.

నెల్లూరులో దిగి, మద్రాసు డాక్టరు రాసిచ్చిన ఉత్తరం తీసుకుని నేరుగా ఆసుపత్రికి పోయాను. డాక్టరు చదివి మడిచి ఇచ్చి, "నేనూ ఇదే అనుకున్నా మొదట్లో," అన్నాడు. ఆయన మొదటి కాయితం నా సంచిలోనే ఉంది. తీసి పక్కన పెట్టాను. "మీరు అనుకున్నది ఇదయ్యా," అన్నాను. ఆయన గంట కొట్టి తర్వాతి రోగిని పిలిచాడు. ఈసారి బంట్రోతు తలుపు తీసి పట్టుకుని నాకు దారిచ్చాడు.

మందు మొదలుపెట్టిన రెండు నెలలకి, రోజుకి ఇరవై సార్లు ఆగే పాప ఒకటి రెండు సార్లకి వచ్చింది. ఉత్తరం పట్టుకుని బడికి పోయాను. అప్పటికి పాపకి తొమ్మిదేళ్ళు.

"సరే, కూచోబెట్టుకుంటా," అన్నాడు హెడ్మాస్టరు. "ఒకటో తరగతి పిల్లల్లో కూచుంటాది."

"ఆ రిజిస్టర్లో రాసింది కొట్టెయ్యండి అయ్యా."

"రిజిస్టరు దిద్దకూడదమ్మా. పిల్లని చేర్చుకుంటా ఉండా గదా, అదొకటి ఎందుకు నీకు?"

ఈసారీ ఆయన కూర్చోమనలేదు, నేనే కూర్చున్నాను. పొద్దున బడి గంట నుంచి మధ్యాహ్నం అన్నం గంట దాకా ఆ కుర్చీలో కదలకుండా ఉన్నాను. బడికి వచ్చిన ప్రతి తండ్రికీ ఎందుకు కూర్చున్నానో వివరంగా చెప్పాను. నలుగురికి చెప్పాక ఆయన రిజిస్టరు తీశాడు. అదే ఎర్ర సిరాతో ఆ మాట మీద ఒక గీత కొట్టాడు.

"సంతకం కూడా పెట్టండి."

పెట్టాడు. "ఇప్పటికైనా సంతోషమేనా తల్లీ?"

"లేదండీ," అన్నాను.

తర్వాత నెల రోజులు కుట్టుబట్టలు తెచ్చుకుని ఆ బడి కిటికీ కింద కూర్చున్నాను. ఒకసారి ఎక్కం మధ్యలో పాప ఆగింది. ఆయన చెయ్యి బెత్తం మీదికి పోయింది. కిటికీలో నన్ను చూసి, ఆ చేత్తోనే కళ్ళజోడు సర్దుకున్నాడు. పాప తేరుకుంది. "ఏడు నాలుగులు," అని అందించాడు.

పాప చదువుకుంది. ఇప్పుడు దాని పిల్లలే బడికి పోతున్నారు. "ఎందుకమ్మా అందరి మీదా ఇంకా కోపం? నాకేమీ గుర్తులేదు" అంటుంది. నిజమే, దానికి గుర్తుండదు. వంటింట్లో నేను కొట్టిన దెబ్బ కూడా గుర్తులేదు. అది పడినప్పుడు తను అక్కడ లేదు. తర్వాతి మంట తెలిసింది, నిప్పురవ్వ అనుకుంది. ఆ మంట ఒక్కటే గుర్తుంది దానికి, ఇప్పటికీ అలాగే అనుకుంటోంది.

నేను దిద్దలేదు. హెడ్మాస్టరు చేత గీత కొట్టించి సంతకం పెట్టించినదాన్ని, కొట్టింది నేనేనన్న ఆ ఒక్క మాట దానితో చెప్పలేకపోయాను.