మీ ఇంట్ల ఎవరికన్న దమ్మున్నదా?

మాలో ఊపిరై నిలిచిన వేంకటేశ్వరునికి ముందుగా నమస్కారం.

మొన్న శనివారం భజనలో సాంబ్రాణి వేయగానే, ఎప్పటిలాగే ఛాతీ పట్టేసి, లేచి గడప బయట కూర్చున్నాను. ఇన్నేళ్లుగా ఇలా లేచి లేచి అలసిపోయాను. ఆ వాసనకు గద్వాలలో మా మగ్గాల ఇల్లు గుర్తొచ్చింది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. బడి నుంచి నడిచొస్తే చాలు, ఛాతీలో పిల్లికూతలు. అవ్వ, అంటే మా నాయనమ్మ, దేవుని ముందు కూర్చోబెట్టి పొగ పీల్చమనేది. తగ్గకపోతే ఇంకాస్త సాంబ్రాణి వేసేది. చివరికి దవాఖానకు తీసుకుపోయింది.

"మీ ఇంట్ల ఇంకెవరికన్న దమ్మున్నదా?" అని డాక్టరమ్మ అడిగింది.

"మా వంశంలనే లేదమ్మా," అంది అవ్వ.

నాకు రోషం వచ్చింది. "ఎందుకు లేదు? మా నాయినకు మస్తు దమ్మున్నది. మగ్గం గుంతల పామొస్తే ఒక్కడే కొట్టిండు!"

డాక్టరమ్మ నవ్వింది. "గది ధైర్యం బిడ్డా. నేనడిగేది ఆయాసం." తర్వాత అవ్వను అడిగింది, "ఇంట్ల పొగ గిట్ల పెడ్తరా?"

"దేవునికి సాంబ్రాణేనమ్మా."

"గదే బంజెయ్యాలె."

 ఇంటికి రాగానే అవ్వ ధూపార్తి కడిగి, నిప్పులకు బదులు బంతిపూలు పెట్టింది. "సామీ, పిల్లకు పొగ పడ్తలేదట. ఇగ నీకు పూలే," అంది, కొంగుతో కళ్లొత్తుకుంటూ.

డాక్టరమ్మకు భయపడిందనీ, అవ్వకు దమ్ము లేదనీ అనుకున్నాను. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి చేసిన సేవను దేవుని ఎదుటే మానుకోవడానికి ఎంత దమ్ము కావాలో ఇప్పుడు తెలుస్తోంది.

ఊపిరాడని పిల్లల కోసం, వాళ్ల కోసం పొగ ఆర్పే పెద్దల కోసం, మీరూ నాతో ఒకసారి చేతులు జోడించండి.