మత్తెక్కలేదని అరిచాను

సండూరు గనుల్లో లారీ నడిపే నాకు పోయినేడు బళ్ళారిలో హెర్నియా ఆపరేషన్ చేశారు. మత్తెక్కకముందే కోసేస్తారేమోనని నా భయం. సూది వేస్తున్న డాక్టరుతో, "నాకు నిద్ర అంత సులువుగా రాదు సార్" అని చెబుతూనే ఉన్నాను.

కళ్ళు తెరిస్తే పక్కన నర్సమ్మ ఉంది. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, "నాకింకా మత్తెక్కలేదు, కొయ్యొద్దని చెప్పమ్మా" అని అరిచాను.

"కోసేదీ అయింది, కుట్టేదీ అయిందప్పా. చెయ్యి ఇడ్సు" అందామె. వార్డంతా నవ్వింది. బయట మొక్కుకుంటూ కూర్చున్న నా భార్య లోపలికొచ్చి, కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది.

నిద్రలోనైతే కలైనా వస్తుంది. మత్తులో ఉన్నంతసేపూ నాకు చీకటి కూడా తెలియలేదు. నేను లేకపోయినా నా గుండె మాత్రం నన్నడక్కుండానే కొట్టుకుంది. ఇప్పుడు రోజూ పడుకునే ముందు దానిమీద ఒకసారి చెయ్యి పెట్టుకుంటాను.