వంగ సాళ్ల నడుమ మెంతికూర

మొన్న మా మనవరాలు మహబూబాబాద్ మార్కెట్ నుంచి తెచ్చిన మెంతికట్ట విప్పుతుంటే, వేళ్లకు అంటిన ఎర్రమన్ను చూసి నా మనసు బయ్యారం పక్క ఊళ్లో నేను కొత్త కోడలిగా గడిపిన తొలి వేసవికి వెళ్లిపోయింది. ఇంట్లో మగమనిషి మంచం పడితే పొయ్యి వెలగడమే కష్టమయ్యే రోజులవి, మా వయసువాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

మా ఆయన బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకునే నాటికి, బావి కింద ఉన్న చిన్న చెలకలో అప్పుడే వంగనారు నాటి ఉన్నాం. అది పూత పట్టి కాయ కోతకొచ్చేదాకా, ఇంట్లో తిండిగింజలు అడుగంటుతున్నాయని తెలిసి కూడా, చేతులు ముడుచుకుని కూర్చోవడం నావల్ల కాలేదు. సాళ్ల నడుమ ఊరికే ఉన్న జాగాలో మెంతులు చల్లాను.

మొలకలు కనబడగానే మా అత్తమ్మ, "వంగకు పెట్టిన ఎరువంత గా ఆకుకూరనే గుంజుకుంటది, పీకి పారెయ్యి" అన్నది.

"వంగ కాసేదాక ఏం తింటం అత్తమ్మా? మెంతి జల్ది చేతికొస్తది. గిది కోసినంకనే వంగ కొమ్మలు సాపుతది" అన్నాను.

మర్నాడు నేను నీళ్లకు పోయి వచ్చేసరికి కొన్ని సాళ్లలోని మొలకలు గట్టు మీద వాడిపోయి ఉన్నాయి. ఏడుపొచ్చింది కానీ బయటపడలేదు. పీకింది అత్తమ్మే. ఆమెది కోపం కాదు, ఉన్న ఒక్క తోటా పోతుందేమోనన్న భయం. అందుకే వంగ మొదళ్ల చుట్టూ జానెడు జాగా వదిలి, పెంటకుప్ప నుంచి ఎరువు మోసుకొచ్చి పోసి, మిగిలిన మెంతులను ఆమె చూస్తుండగానే మళ్లీ అక్కడే చల్లాను.

కూర లేతగా ఎదిగింది. కట్టలు కట్టి గంపకెత్తుకుని బయ్యారం అంగడికి నడిచాను. తిరిగొచ్చేటప్పుడు అదే గంపలో బియ్యం ఉన్నాయి. కూర కోసిన చోటుకల్లా వంగ కొమ్మలు కమ్ముకున్నాయి. తొలి కాయలు అత్తమ్మే తెంపింది. తెంపుతూ, నా వైపు చూడకుండానే, "వచ్చేపారి పాలకూర గూడ ఏస్తే ఎట్లుంటది?" అన్నది. కట్టె ఊతంతో గట్టు దాకా వచ్చిన మా ఆయన ఆ మాట విని నవ్వాడు.

ఇప్పుడు ఆ చెలకంతా మిర్చి ఒక్కటే. సాళ్ల నడుమ కలుపుమందు కొట్టి నున్నగా ఉంచుతారు. పంట బాగానే వస్తుంది, కాదనను. ఒక పంట కాసేలోపు ఇంకో పంటతో కడుపు నింపుకునే అవసరం పిల్లలకు రాలేదు, అందుకు సంతోషమే. కానీ కాస్త నేల ఖాళీగా కనబడితే ప్రాణం ఊరుకోని మనిషిని, మా ఊళ్లో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను కాబోలు.