ఎర్రగుడ్డ మూట

ఆ రోజు నేను చేసిన తప్పేమిటో ముందే చెప్పేస్తాను. పుంగనూరు బస్టాండు పక్కన టీ కొట్టు ముందు, నలుగురూ చూస్తుండగా, మా లారీ మామను పట్టుకుని "నా కొత్త బండికి చేతబడి చేస్తావా?" అని అడిగాను. మామ అంటే మా మేనత్త భర్త. ముప్పై ఏళ్లు మదనపల్లె మార్కెట్ యార్డు నుంచి చెన్నైకి టమోటా లారీ తోలిన మనిషి. అత్త పోయాక మదనపల్లెలోని మా ఇంటి వెనక గదిలోనే ఉండేవాడు. నేనన్న మాట వినగానే ఆయన తాగుతున్న టీ గ్లాసు సగంలోనే బల్లమీద పెట్టి, సంచి భుజాన వేసుకుని, కుప్పం బస్సెక్కి వెళ్లిపోయాడు. ఆ సగం గ్లాసు ఇప్పటికీ నా కళ్ల ముందు అప్పుడప్పుడూ ఆవిరి కక్కుతూ ఉంటుంది.

ఆ రోజుల్లో (మరీ పాత రోజులేమీ కావు, ఏడెనిమిదేళ్ల కిందటి మాట, నా తెలివి మాత్రం అంతకంటే చాలా పాతది) నాకు లోకమంటే మా కొత్త బండే. ఏడుగురు కూర్చునే తెల్లటి పెద్ద బండి. దాంతోపాటు ఒక లావుపాటి పుస్తకం ఇచ్చారు. మొదటి వెయ్యి కిలోమీటర్లు బండిని ఎలా మచ్చిక చేసుకోవాలో అందులో రాసి ఉంది. వేగం మించకూడదు, ఒకే వేగంతో అదేపనిగా పోకూడదు, ఇంజన్‌ను ఉరికించకూడదు. నేను ఆ పేజీని కంఠతా పట్టి, పుస్తకాన్ని డాష్‌బోర్డు అరలో దాచాను. మదనపల్లె రోడ్డు మీద నన్ను ఆటోలు దాటిపోయాయి, టమోటా ట్రాక్టర్లు దాటిపోయాయి, ఒకాయన మోపెడ్ మీద రెండు క్రేట్లు కట్టుకుని దాటిపోతూ, పెట్రోలు అయిపోయిందా అని జాలిగా అడిగి మరీ పోయాడు. సీట్లకున్న ప్లాస్టిక్ కవర్లు తీయనివ్వలేదు. మామ బండెక్కబోయిన మొదటి రోజే "పొగాకు వేసుకుని ఎక్కొద్దు మామా, కొత్త సీట్లు" అన్నాను. ఆయన దవడలో ఉన్నది తీసి పారేసి, కొళాయి దగ్గర నోరు కడుక్కుని, వచ్చి చిట్టచివరి వరసలో కూర్చున్నాడు. ముందు కూర్చోమని నేను అనలేదు.

మూడు వారాలకు బండిలో ఏదో ఉందని నాకు అనుమానం మొదలైంది. మా పెరట్లో, పట్టుగూళ్లు నిలవ చేసే గదిని ఆనుకుని రేకుల షెడ్డు ఉంది. బండి అక్కడే పెట్టేవాణ్ణి. ఒక ఉదయం ఇంజన్ ఆపి కూర్చున్నాను. డాష్‌బోర్డు లోపల నుంచి, ఎవరో పలక మీద గోటితో రాస్తున్నట్టు చప్పుడు వచ్చింది. వేలితో తట్టాను. ఆగిపోయింది. చెయ్యి తీశాక, లోపలి నుంచి ఎవరో నెమ్మదిగా, రెండుసార్లు, తిరిగి తట్టారు. మర్నాడు బానెట్ మీద పేరుకున్న ఎర్రమట్టి దుమ్ములో చిన్న చిన్న చేతుల గుర్తులు కనబడ్డాయి. పసిపాప చేతికంటే చిన్నవి. అద్దం దాకా పాక్కుంటూ వచ్చి, అక్కడ మాయమైపోయాయి. వంగి వేళ్లు లెక్కపెట్టాను. నాలుగు. మళ్లీ లెక్కపెట్టాను. నాలుగే.

ఆ తరవాత ఒక మిట్టమధ్యాహ్నం, వీధిలో ఎవరూ లేనప్పుడు, తాళం వేసి ఉన్న బండి ఉన్నట్టుండి హారన్ కొట్టింది. ఒకటే కూత, పొడుగ్గా. నేను వరండాలో బిగుసుకుపోయాను. లోపల బియ్యం ఏరుతున్న నా భార్య చేటలోంచి తల ఎత్తకుండానే "మిమ్మల్నే పిలస్తాండాది, పోండి" అంది. నేను పోలేదు. మామ మాత్రం షెడ్డు దాకా వెళ్లి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, వంగి వాసన చూసి వచ్చాడు. బానెట్ ఎత్తి చూద్దామా అని అడిగాడు. ముట్టుకుంటే వారంటీ పోతుందని కసిరాను (నిజానికి బానెట్ ఎలా తెరవాలో నాకే తెలియదు). బదులుగా గుమ్మడికాయ దిష్టి తీశాను, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాను, ముందు బంపర్‌కు నల్లతాడు కట్టాను. చప్పుళ్లు మూడో రోజుకు ఆగిపోయాయి. నా గుమ్మడికాయ మహిమ గురించి వీధి వీధంతా చెప్పుకుని తిరిగాను.

రెండు వారాల తరవాత కుప్పంలో నా బామ్మర్ది కొడుకు చెవులు కుట్టే వేడుక. మామ చెల్లెలిది రామకుప్పం వైపు పల్లె. ఆమెను చూసి చాలా రోజులైందని ఆయనా బయల్దేరాడు. తెల్లవారుజామున మంచు దట్టంగా ఉంది. అద్దం మీది ఆవిరి పోవాలని ఏసీ వేసేసరికి గాలితోపాటు ఒక వింత వాసన వచ్చింది. కర్పూరం, మగ్గిన ఆకులు, వాటి వెనక ఆరిపోయిన చితిలాంటిదేదో. పుంగనూరులో ఆపాను. నా భార్య పూలు కొనడానికి రోడ్డు దాటింది. టీ కొట్టాయన సాయంతో, జీవితంలో మొదటిసారి, నా బండి బానెట్ తెరిచాను.

లోపల ఇంజన్ పక్కన గొట్టానికి ఒక మూట వేలాడుతోంది. ఎర్రగుడ్డ, నల్లదారంతో ఏడెనిమిది చుట్లు. గుడ్డ సందుల్లోంచి నల్లబడిన ఆకులేవో వేళ్లలాగా బయటికి వచ్చాయి. టీ కొట్టాయన రెండడుగులు వెనక్కి వేశాడు. నేను చెయ్యి చాచబోతుంటే వెనక నుంచి మామ గొంతు వినబడింది.

"దాన్ని మాత్రం తీయొద్దప్పా. నేనే కట్టినా."

ఇంకేదో చెప్పబోయాడు. నేను చెప్పనివ్వలేదు. ఆ తరవాత నేనన్న మాట మొదట్లోనే చెప్పాను. రెండోసారి రాయడానికి చెయ్యి రావడం లేదు. మూటను కర్రతో తెంపి మురికి కాలవలో పడేశాను. నా భార్య పూలతో తిరిగొచ్చేసరికి కుప్పం బస్సు కదిలిపోయింది. సంగతి విని ఆమె బండెక్కి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కుప్పం దాకా అటే చూసింది. వేడుకలో నేను ఈ కథ పదిమందికి చెప్పాను. వాళ్లంతా నా అదృష్టానికి ఆశ్చర్యపోయారు. ఆమె మాత్రం దండలోంచి రాలిన పూలు ఏరుకుంటూ కూర్చుంది. బండిని ఆ రాత్రికి బామ్మర్ది ఇంటి పక్కన, రాగుల గోదాము గోడకు ఆనించి పెట్టాను.

మర్నాడు పొద్దున్నే తిరిగి బయల్దేరాం. ఊరు దాటాక గ్రానైట్ కోసే షెడ్ల దగ్గర మంచు ఇంకా విడలేదు. రోడ్డుకు రెండు వైపులా నిలబెట్టిన రాతి పలకలు, పేర్లు రాయని సమాధుల్లాగా, ఒకటి తరవాత ఒకటి మంచులోంచి వచ్చి మంచులోకి పోతున్నాయి. అప్పుడు మళ్లీ మొదలైంది, పలక మీద గోటి రాత. ఈసారి ఒక్క చోట కాదు. నా మోకాళ్ల ముందు, నా భార్య కాళ్ల దగ్గర, నడిమధ్య. వైపర్లు వాటంతట అవే ఒకసారి లేచి పడ్డాయి. ఎర్రదీపాలన్నీ వెలిగాయి. ఇంజన్ ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో లోపలి నుంచి చిన్నగా, తీరిగ్గా, ఏదో నమిలే చప్పుడు.

నా భార్య రెండు రోజుల్లో మొదటిసారి నాతో మాట్లాడింది.

"తీయొద్దు అన్న్యాడు గదా ఆయప్ప."

బామ్మర్దికి ఫోన్ చేసి, కాసేపు చూసి, నేను కిందికి దిగాను. చేతులు జోడించి బండి చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశాను. తప్పయిపోయిందని బండితో చెప్పాను. (చెప్పాల్సింది బండికి కాదని అప్పటికీ తట్టలేదు.) రెండో ప్రదక్షిణలో ఎవరో మోపెడ్ ఆపి నన్నే చూస్తున్నారు. బామ్మర్ది ఫోన్ అందుకుని పంపిన మెకానిక్ భాయ్. నన్ను మూడోది పూర్తి చేసుకోనిచ్చి, ఆ తరవాత బానెట్ ఎత్తాడు. తల లోపల పెట్టి, చెయ్యి భుజం దాకా దూర్చి, గుప్పెడు చెత్త బయటికి లాగాడు. వైరు తుంపులు, రాగి పొట్టు, పట్టుగూళ్ల పీచు, వాటి మధ్య మెత్తగా చించి పేర్చిన కాగితం ముక్కలు. ఒక ముక్క మీద 'మొదటి వెయ్యి కి' అని మాత్రం మిగిలింది. నేను కంఠతా పట్టిన పేజీ.

"ఎలుకలు సార్. గూడు పాతది, ఇవి మాత్రం రాత్రి ఎక్కిండాయి."

నాకు గుర్తొచ్చి, ఎందుకో గొంతు తగ్గించి, నాలుగు వేళ్ల సంగతి అడిగాను. ఎలుకకు ముందు కాలికి నాలుగే వేళ్లుంటాయని భాయ్ చెప్పాడు. ఆ తరవాత గొట్టం దగ్గర ఏదో చూసి ఆగాడు. రెండు వేళ్లతో నల్లదారం ముక్క ఒకటి ఎత్తి పట్టుకున్నాడు.

"ఈడ సూడు సార్. ఎవురో తెలిసినాయనే పొగాకు కట్టిండాడు. లారీవాళ్లు కడతారు, ఆ ఘాటుకు ఎలుక దగ్గరికి రాదు. బంగారట్లా పని చేస్తాంటే, దీన్ని తీసిందెవురు?"

నేను రాతి పలకల వైపు చూశాను.

"మా ఆయనే" అంది నా భార్య.

ఎర్రగుడ్డ ఎక్కడిదో అప్పుడు తెలిసింది. లారీలో సరుకు వెనక్కి పొడుచుకొస్తే కట్టే గుడ్డ. మామ తన పాత పెట్టెలో కర్పూరం బిళ్లల మధ్య దాచుకున్న ముక్క. పొగాకు, బండెక్కేముందు నోట్లోంచి నేను పారేయించిన రకం పొగాకే. నా బండిలో చోటు లేని ఆయన సరుకును నా బండి కోసం మూటగట్టి, తాళం చెవి మేకుకు వేలాడే వేళ చూసి, దొంగలాగా కట్టి వచ్చాడు. చప్పుళ్లు ఆపింది నా గుమ్మడికాయ కాదు.

భాయ్ వైర్లు అతికించాక మదనపల్లె వైపు పోలేదు. రామకుప్పం వైపు తిప్పాను. మామ తన చెల్లెలి ఇంటి ముందు అరుగు మీద కూర్చుని రాగి సంకటి తింటున్నాడు. నన్ను చూసి లేవలేదు. నేను ఎదురుగా నేల మీద కూర్చుని, తప్పయిపోయింది మామా, నలుగురిలో అన్నాను కాబట్టి పుంగనూరులో అదే టీ కొట్టు దగ్గర నలుగురికీ చెప్తాను, ఇంటికి రా అన్నాను. ఆయన ముద్ద మింగి, నీళ్లు తాగి, బండి వైపు చూశాడు.

"ఎన్ని కిలోమీటర్లయింది?"

తొమ్మిది వందల ఎనభై అన్నాను.

"ఇంకా ఇరవై ఉండాది. అది నేను తోలతా."

ఇంటి ముందే సీట్ల ప్లాస్టిక్ అంతా చింపేశాను. మామ చెప్పులు విప్పి, ఉత్త పాదాలతో స్టీరింగు ముందు కూర్చున్నాడు. నేను ఆయన పాత వరసలో, చిట్టచివర కూర్చున్నాను. అక్కడ కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయని నాకు ఆ రోజే తెలిసింది. ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ వదలాలో ఏ పుస్తకమూ చూడకుండా, ఇంజన్ మాట వింటూ తోలాడు. వెయ్యి నిండగానే పక్కకు ఆపి, నడుముకున్న పొగాకు సంచి విప్పి, గుడ్డ ఉందా అని నన్నడిగాడు. పుంగనూరులో టీ కొట్టు ముందు చెప్పాల్సింది చెప్పాను. కొట్టాయన మామకు కొత్త గ్లాసు ఇచ్చాడు. ఈసారి మామ పూర్తిగా తాగాడు.

ఇప్పుడు ఆయన చూపు తగ్గి తోలడం లేదు. ముందు సీటు ఆయనది. నెలకోసారి మూట మార్చేది నేను. సర్వీసు దగ్గర బానెట్ ఎత్తినప్పుడల్లా కొత్త పిల్లలు ఆ ఎర్రగుడ్డను చూసి రెండడుగులు వెనక్కి వేస్తారు. వాళ్ల ముఖాల్లో ఆనాటి నన్ను నేను చూసుకుంటాను. కాసేపు నవ్వుకుని, ముందు సీటు వైపు చెయ్యి చూపించి, అదేమిటో మామనే చెప్పమంటాను. చెప్పేదంతా ఆయన చెప్పేదాకా, నేను నోరు తెరవను.