ఇరవైమూడో తేలుపిల్ల

ఆ రోజుల్లో నేను పోగొట్టుకున్నవన్నీ కూడితే తేలేది ఇది: ఒక మండ్రగబ్బ, దాని పిల్లలు ఇరవైమూడు, చారల సాలెపురుగులు రెండు, చెక్కపెట్టె ఒకటి, తొమ్మిది రోజుల నిద్ర. బుద్ధిమంతుడినన్న పేరు కూడా పోయింది గానీ, దాన్ని అంకెల్లో ఎలా వెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు. (ఐదో తరగతితో బడి మానేసి లెక్కలు నా అంతట నేనే నేర్చుకున్నవాడిని. లెక్కకు రానిదాన్ని చూస్తే కొంచెం భయం.)

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. గూడూరులో ఒక అభ్రకం షెడ్డులో తూకాల గుమాస్తాను. అభ్రకాన్నే మా వైపు కాకిబంగారం అంటారు. ఆడవాళ్లు వరుసగా కూర్చుని ఆ పలకలను కత్తులతో పొరలు పొరలుగా చీల్చేవాళ్లు. పనికిరాని ముక్కలు షెడ్డు వెనక గుట్టగా పడేవి. ఆ గుట్ట కిందే నాకు మండ్రగబ్బ దొరికింది. నల్లతేలు, అరచేయంత ఉంది. ఎర్రతేలులాగా ప్రాణం తీసేరకం కాదని షెడ్డులో అందరూ చెప్పారు. కుక్కను పెంచితే అరుస్తుంది, చిలకను పెంచితే మన మాటలే మనకు అప్పజెబుతుంది. ఇది నెలకు ఆరు బొద్దింకలు తిని గమ్మున పడి ఉండేది. అద్దెగదిలో ఒంటరిగా ఉండేవాడికి అంతకన్నా అనుకువైన తోడు ఎక్కడ దొరుకుతుంది? దానికి సరదాగా ఉంటుందని పక్క సీసాలో రెండు సాలెపురుగులను కూడా పెట్టాను.

గది దర్జీ సాయిబు గారిది. ఆయన భార్యను నేను అవ్వా అనేవాడిని. మండ్రగబ్బ ఉన్న చెక్కపెట్టెకు, లోపలికి చూడ్డానికి వీలుగా, అభ్రకం పలకనే మూతగా బిగించాను. అవ్వ వచ్చి చూసి, "తేలుకు కిటికీ పెట్టినావంట్రా! మా వంటింటికే కిటికీ లేదు గదా!" అంది.

ఒక ఉదయం చూస్తే దాని వీపు నిండా పిల్లలు, తెల్లగా, మెతుకుల్లా. సహజంగానే లెక్కపెట్టాను. మొదట ఇరవైఒకటి వచ్చింది, మళ్లీ పెడితే ఇరవైనాలుగు. ఒకే లెక్కకు రెండు జవాబులు వస్తే నాకు అన్నం సయించదు. పలక మసకగా ఉందని ఒక పొర చీల్చాను. కొంచెం తేటపడింది. ఇంకో పొర చీల్చాను. షెడ్డులో ఎంత పలచగా చీలిస్తే అంత పనిమంతులు. ఆ గొప్ప నాకూ కావాల్సి వచ్చింది. చివరకు వరుసగా మూడుసార్లు ఇరవైమూడు వచ్చింది. ఇంటిల్లిపాదికీ చాటాను. అప్పటికి మూత ఉల్లిపొరంత మిగిలింది. అది చూడ్డానికి మాత్రమే కాదు, మూయడానికి కూడా అన్న సంగతి పూర్తిగా మర్చిపోయాను.

ఆ ఇంట్లో అప్పుడు అవ్వ కూతురు (నాకు అక్క) కాన్పుకు వచ్చి ఉంది. ఆడపిల్ల పుట్టింది. వాళ్లలో నలభై రోజులు నిండేదాకా బాలింత గడప దాటకూడదు. అది ముప్పైఒకటో రోజు, ఆదివారం. మధ్యాహ్నం గదిలోకి వెళ్తే మూత చిట్లి ఉంది. తల్లితేలు పెట్టెలోనే ఒక మూల కూర్చుని ఉంది. వీపు ఖాళీ.

పట్టకారు తీసుకుని ఇల్లంతా వెతికాను. బియ్యం డబ్బా వెనక ఏడు, మిషను సొరుగులో నాలుగు, నా పరుపు కింద ఆరు, వసారాలో ఐదు. సాయిబు గారు స్టూలెక్కి నిలబడి, కుట్టడానికి వచ్చిన బట్టలన్నీ ఒక్కొక్కటిగా దులిపారు. సాయంత్రానికి ఇరవైరెండు.

"నీ లెక్కే తప్పేమో చూడు నాయనా," అన్నారాయన స్టూలు మీది నుంచే. "తప్పని ఒక్క మాట అను. కిందికి దిగుతా."

లోపల బిడ్డను గుండెకు హత్తుకుని మంచం నడిమధ్య కూర్చున్న అక్క, "తమ్ముడా, నా బిడ్డ మీద ఒట్టేసి చెప్పు. అన్నీ దొరికినాయా?" అంది.

అవునంటే ఇల్లు కుదుటపడేది. నా పరువు కూడా నిలిచేది. కానీ ఆ బిడ్డ ముఖం చూస్తూ ఆ మాట నోటికి రాలేదు.

"ఒకటి తక్కువక్కా."

అవ్వ గుమ్మంలో కూలబడింది. "తేలుపిల్లల్ని ఎవురన్నా లెక్కపెడతారంట్రా సామీ! లెక్కపెట్టకపోతే ఈపాటికి గమ్మున తిని పొణుకునేవాళ్లం గదరా! ఇప్పుడు బిడ్డనెత్తుకుని యాడికి పోవాల? ఇంకా తొమ్మిది రోజులుండాది!"

వెతికేటప్పుడు ఒకటి గమనించాను. పట్టినవాటిని మంచి పలక మీద వేస్తే, ఏటవాలుగా ఎత్తగానే జారిపోయేవి. వాటి కాళ్లకు పట్టు దొరికేది కాదు. వెంటనే పరుగెత్తి షెడ్డు మేస్త్రీని బతిమాలి గోనెసంచి నిండా ముక్కలు తెచ్చాను. మంచాన్ని గోడకు దూరంగా జరిపి నాలుగు కోళ్లకూ, ఊయల తాళ్లకూ నున్నటి అభ్రకం చుట్టి కట్టాను. "మంచానికి కాకిబంగారం కడియాలంట! నవాబుల ఇండ్లల్లో గూడా ఉండవులే," అంది అవ్వ. తొమ్మిది రోజులూ లోపలి నుంచి అక్క తిట్లు వింటూ వసారాలో కాపలా కూర్చున్నాను. పొద్దున్నే అవ్వ అడిగేది, "ఈ పొద్దెంత?" అని. "సున్న" అనేవాడిని. ఎండ పడినప్పుడు ఊయల తాళ్లు మెరిసేవి. బిడ్డ కళ్లార్పకుండా అటే చూసేది. తల్లితేలునూ ఇరవైరెండు పిల్లలనూ పెట్టెతో సహా గుట్టలోనే వదిలేశాను. సాలెపురుగులు మాత్రం విచారణ లేకుండా అవ్వ చీపురుకు పోయాయి.

నలభయ్యో రోజు తలస్నానమయ్యాక అక్క గడప దాటి వచ్చి, బిడ్డను నా ఒళ్లో పెట్టింది. "ఎత్తుకో. కడుపు మండి నిన్ను తిట్టినాన్లే," అంది. నేను బిడ్డ వేళ్లు లెక్కపెట్టాను. ఇరవై. ఒక్కసారికే సరిపోయాయి.

తల్లితేలు ఒక్కోసారి తన పిల్లనే తినేస్తుందని చాలా ఏళ్లకు ఎవరో చెప్పారు. అంటే ఇరవైమూడోది అసలు పెట్టే దాటి ఉండకపోవచ్చు. ఆ బిడ్డ ఇప్పుడు సంగం ఊళ్లో టీచరమ్మ. ఈ సంగతి చెబితే నమ్మదు; ఒప్పించడానికి నేనూ పెద్దగా ప్రయత్నించను. మా ఇంటికి వచ్చినప్పుడల్లా గుమ్మంలో చెప్పులు దులిపి, వాళ్లమ్మ గొంతుతోనే అడుగుతుంది:

"మామా, ఇంకా ఎన్ని అప్పజెప్పాల నువ్వు?"

"ఒకటి తల్లీ."