కొరియా రాజుగారి ఊరేగింపుకు కాపలా

1993 చలికాలంలో నేను మస్కట్‌లో ఒక ప్రాచీన పత్రాల శాఖలో కాగితాల సంరక్షకురాలిని. మాది రాజమండ్రి. హైదరాబాదులో చాలా ఏళ్లు పాత దస్తావేజులకు పురుగు పట్టకుండా చూసి, అదే పని మీద ఒమన్ వెళ్లాను. చిరుగుకు పల్చటి కాగితం అతికించడం, గదిలో తేమ కొలవడం, ఇవీ నాకొచ్చిన విద్యలు. ఆ ఏడాది కొరియా నుంచి ప్రదర్శనకు వచ్చిన నాలుగు సంపుటాల బాధ్యత నా మీద పడింది.

వాటిని ఉయిగ్వే అంటారు. రాజుగారి పెళ్లి ఎలా జరిగిందో, ఊరేగింపులో ఎవరు ఏ గుర్రం పక్కన నడిచారో రంగుల బొమ్మలతో సహా రాసిపెట్టుకున్న ఆస్థాన గ్రంథాలు. మాకొచ్చినవి అసలువి కావు. మల్బరీ బెరడు కాగితం మీద చేత్తో తీసిన నకళ్లు. వాటిని సొంత పూచీ మీద తెచ్చిన కిమ్ గారు, నాలుగూ తనతోపాటు తిరిగి విమానం ఎక్కకపోతే తన ఉద్యోగం ఊడుతుందని మొదటి రోజే చెప్పాడు. నవ్వుతూనే చెప్పాడు గానీ పెట్టెల మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

చిక్కంతా ఆయన ఉపన్యాసంతో వచ్చింది. వాళ్ల రాజులు ఒక్కో గ్రంథానికి నాలుగైదు ప్రతులు తీయించి దూరదూరంగా కొండల్లోని భాండాగారాల్లో పెట్టించేవారట. ఒకచోట తగలబడినా ఇంకోచోట మిగులుతుందని. మా ముదీర్, అంటే పై అధికారి, ముందు వరుసలో కూర్చుని తెగ తల ఊపాడు. మర్నాడే ఉత్తర్వు వచ్చింది. ఒక సంపుటం ఖబూరాలోని వ్యవసాయ కార్యాలయానికి, ఒకటి రుసైల్ గోదాముకు, ఒకటి ఖురంలోని లెక్కల విభాగానికి, నాలుగోది నా గదికి.

నాకు ఒళ్లు మండింది. వాళ్లు దాచింది ఒకే పుస్తకం నాలుగు ప్రతులనీ, మనం దాచేది ఒకే పుస్తకం నాలుగు ముక్కలనీ, ఏ ముక్క పోయినా అంతా పోయినట్టేననీ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను.

"నాలుగంటే నాలుగే మేడం," అన్నాడు ముదీర్.

ఒక్కో పెట్టెకు ఒక్కో కాపలాదారు, నా గదిలోదానికి నేనే. ఉత్తర్వులో రెండు నిబంధనలు. ఏ పెట్టె లక్కముద్ర పగలగొట్టాలన్నా నలుగురు కాపలాదారులూ ఎదురుగా ఉండాలి. పెట్టెను విడిచి ఏ కాపలాదారూ ఎక్కడికీ పోకూడదు. అంటే ఎవరి చోట వాళ్లు కూర్చోవాలి. నలుగురూ ఒకచోట చేరరు, పెట్టె తెరుచుకోదు. ఇది చదివి సంతకం పెట్టిన మనిషికి ఆ సంగతి తట్టనే లేదు!

ప్రదర్శన రోజున హాల్లో నాలుగు ఖాళీ అద్దాల బీరువాలు పెట్టి, గ్రంథాలు సురక్షిత స్థలాల్లో ఉన్నాయని అట్ట మీద రాయించారు. అతిథులు వచ్చారు, ఖర్జూరాలు తిన్నారు. ఒక పెద్దమనిషి కళ్లజోడు తుడుచుకుని మరీ వంగి ఖాళీ అద్దంలోకి చూశాడు. ఇంత గట్టి రక్షణ ఎక్కడా చూడలేదని ముదీర్ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. కిమ్ గారు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కిమ్ గారి విమానం ఇంకో మూడు రోజులకి, పెట్టెలేమో నాలుగు చోట్ల ఇరుక్కుపోయాయి. మా డ్రైవరు రాజయ్యది జగిత్యాల దగ్గర పల్లె. అతనొచ్చి, "మేడం, గా కిమ్ సార్ అన్నం ముడ్తలేడు. పొద్దుగాల్నుంచి కార్లనే కూసున్నడు. జెర ఏమన్న చెయ్యుండ్రి," అన్నాడు.

నేను మాత్రం ఏం చేసేది? నేనూ కాపలాదారునేగా! భోజనానికి వెళ్లాలన్నా పెట్టెను చంటిపిల్లలా చంకన వేసుకునే క్యాంటీనుకు పోతున్నాను. ఆ మధ్యాహ్నం ముదీర్ అక్కడికే వచ్చి, పెట్టె బయటికెందుకు వచ్చిందని గద్దించాడు.

"విడవొద్దన్నారు, విడవలేదు. నాకు ఆకలేసింది, ఇద్దరం వచ్చాం," అన్నాను.

అన్నాక నాకే వెలిగింది. మిగతా ముగ్గురు కాపలాదారులనీ పెట్టెలతో సహా విమానాశ్రయానికి రమ్మనండి, ఎవరూ దేన్నీ విడిచినట్టు కాదు అని చెప్పాను. ముదీర్ టీ చల్లారేదాకా ఆలోచించి సంతకం పెట్టాడు.

సీబ్ విమానాశ్రయానికి ఖబూరా గుమాస్తా పండక్కి వచ్చినట్టు నడుముకు ఖంజర్ బాకు కట్టుకుని వచ్చాడు. రుసైల్ నుంచి మలయాళీ స్టోర్‌కీపరూ, ఖురం నుంచి ఈజిప్టు అకౌంటెంటూ పెట్టెలు గుండెకు హత్తుకుని దిగారు. లోపలేముందో చూస్తేగానీ దేశం దాటనివ్వనన్నాడు కస్టమ్స్ అధికారి. మేం నలుగురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. నలుగురమూ ఉన్నాం! ముద్రలు పగలగొట్టాం.

కిమ్ గారు కస్టమ్స్ బల్ల మీద నాలుగు పుస్తకాలనూ పక్కపక్కన తెరిచాడు. మొదటి దాంట్లో మొదలైన ఊరేగింపు నాలుగో దాని దాకా సాగింది. గుర్రాలు, జెండాలు, వందల కొద్దీ సిపాయిలు. వెనక వరసలో ఉన్న ప్రయాణికులూ సామాన్ల కూలీలూ మూగారు. ఒమన్‌లో ఆ గ్రంథాలను చూసింది వాళ్లే.

రాజయ్య మెడ చాచి, "మస్తున్నయ్ మేడం. గని గీ పల్లకిల ఎవ్వలు లేరేంది? రాజేడి?" అన్నాడు.

కిమ్ గారిని అడిగాను. గౌరవం కొద్దీ రాజును గీయరట, ఆయన చోటు ఖాళీగా వదిలేస్తారట. అదే రాజయ్యకు చెప్పాను.

"ఓర్నీ! గింతమంది కావలి ఖాళీ పల్లకికా!"

ఆ మాట తర్జుమా చేసి చెబితే కిమ్ గారు ఆ వారంలో మొదటిసారి కడుపారా నవ్వాడు. నాలుగు పెట్టెలూ తీసుకుని విమానం ఎక్కాడు.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా నేను రాసిన ప్రతి భద్రతా ఉత్తర్వులోనూ మొదటి వాక్యం ఒకటే: దీన్ని ఎవరు, ఎప్పుడు, ఎవరికి చూపించడానికి బయటికి తీయాలి. కాపలా సంగతి రెండో వాక్యంలో రాశాను.