కెమెరా వద్దన్న తల్లి

1997. డర్బన్ శివారు షాల్‌క్రాస్‌లోని ఒక చర్చి హాల్లో బీద పిల్లల కోసం ఆఫ్టర్‌స్కూల్ సెంటర్ నడిచేది. బడి వదిలాక పిల్లలు అక్కడ ఇంత తిని, హోంవర్క్ చేసుకుని, చీకటి పడకముందే ఇళ్లకు చేరేవారు. కాకినాడలో లెక్కల టీచర్‌గా చేసిన నేను, మావారి ఉద్యోగం వల్ల డర్బన్ వచ్చి, ఆ సెంటర్ బాధ్యత తీసుకున్నాను.

నిధులిచ్చే ట్రస్టు ఆ ఏడాది కొత్త నియమం పెట్టింది. మానిటరింగ్ విజిట్, అంటే పని నిజంగా జరుగుతోందా అని చూసే తనిఖీలో, పిల్లల ముఖాలు కనిపించేలా ఫోటోలు తీసి తమ పత్రికలో వేస్తారు. కొన్ని సంస్థలు లేని పిల్లల్ని ఉన్నట్టు చూపించాయట. వాళ్ల అనుమానం వాళ్లది.

తనిఖీకి ముందురోజు థాండి వచ్చింది. మొబేనిలో ఫ్యాక్టరీ పని ఆమెది. కూతురు నోలూ మా దగ్గరే చదువుకునేది.

"టీచర్, నా బిడ్డకి ఫోటో వద్దు. మూడేళ్ల కింద, మాకు తొలిసారి ఓటొచ్చిన ఎన్నికల ముందు గొడవల్లో మా ఆయన్ని చంపేశారు. చంపినవాళ్లని ఇది చూసింది. మేమిక్కడున్నామని వాళ్లకి తెలీదు."

ఆ సాయంత్రమే ఇంకో ఇద్దరు తల్లులూ ఫోటోలు వద్దన్నారు. కాదంటే నిధులు ఆగిపోతాయేమో, పిల్లలంతా వీధిన పడతారేమో అని ఒకటే బెంగ.

మా వంట సరోజక్కది. ఆమె పూర్వీకులు చెరకు తోటల్లో పనికొచ్చిన తెలుగువాళ్లు. "చెల్లీ, నువ్వు నో చెప్పు, మ్యాన్. నేను పక్కన ఉండేది. ఆ తనిఖీకొచ్చేవాడు అరిస్తే అరవనీ," అంది.

మర్నాడు ఫోటోలు వద్దని చెబితే తనిఖీ అధికారి అరవలేదు. "కారణం చెప్పండి మేడమ్. రేపు మా బోర్డు నన్నే కదా నిలదీస్తుంది?"

చెబితే అది ఆయన రిపోర్టులోకి ఎక్కుతుంది.

"చెప్పలేనండి. సాయంత్రం దాకా కూర్చుని మీ కళ్లతో చూడండి."

కెమెరా చూసిన నోలూ అప్పటికే బల్ల కింద దూరి, పెన్సిల్ వెతుకుతున్నట్టు నటిస్తోంది. ఆయన కాసేపు అటే చూసి, కెమెరా సంచిలో పెట్టేశారు. పిల్లలు వెళ్లేదాకా కూర్చున్నారు. "చూసింది రాస్తాను. ఆపైన నా చేతుల్లో లేదు," అన్నారు.

కొన్ని వారాలకు జవాబొచ్చింది. మా సెంటర్‌కి నిధులు కొనసాగించారు. డర్బన్‌కి అటువైపున్న ఫీనిక్స్‌లో మేం తెరవాలనుకున్న రెండో సెంటర్‌కి మాత్రం ఆధారాలు చాలవని ఇవ్వలేదు. అక్కడి పిల్లల్ని తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అప్పటిదాకా జవాబు చెప్పుకోవలసింది నిధులిచ్చినవాళ్లకే అనుకునేదాన్ని. ఆ తర్వాత ఏ సంస్థ ఏ షరతు పెట్టినా, ఒప్పుకునేముందు తల్లుల్ని కూర్చోబెట్టి అడిగాను. వాళ్లు వద్దన్నది నేనూ వద్దన్నాను.